ఇంగ్లండు పల్లెలో ఆధునికీకరించిన పాత కాటేజీ: వంటగదిని కాదు, గోడను చూసి కొనండి

కాట్స్‌వోల్డ్స్‌లో తేనెరంగు రాతి ఇల్లయినా, సఫోక్‌లో గులాబీరంగు పూసిన కర్రచట్రపు ఇల్లయినా, డెవన్‌లో మట్టిగోడల మీద గడ్డి కప్పిన ఇల్లయినా, "పీరియడ్ కాటేజీ, పూర్తిగా ఆధునికీకరించినది" అని అమ్మకానికి పెట్టారంటే లోపల దాదాపు ఒకే అమరిక ఉంటుంది. ముందు గదిలో తలకు తగిలేంత ఎత్తులో దూలాలు, మనిషి దూరగలిగేంత పొయ్యిగూడు, అందులో కట్టెల స్టవ్. వెనకవైపు కొత్తగా కట్టిన వంటగది, తోటలోకి తెరుచుకునే మడత తలుపులు. పైన రెండో మూడో పడకగదులు, ఒకదాన్ని చీల్చి చేసిన బాత్రూము. నా అభిప్రాయం ముందే చెబుతాను. పని తెలిసినవాళ్లు మరమ్మతు చేసిన ఇల్లయితే అడిగిన ధర పెట్టి కొనదగినదే. వేసవిలో మందపాటి గోడల చల్లదనం, శీతాకాలంలో ఆ పొయ్యిగూడు ముందు వెచ్చదనం కొత్త ఎస్టేట్ ఇళ్లలో దొరకవు. కానీ చేసిన ఆధునికీకరణ ఆ గోడకు పడకపోతే, కొత్త ఇంటి ధర పెట్టి పాత ఇంటి జబ్బులు కొనుక్కున్నట్టే. వంటగది నచ్చకపోతే ఎప్పుడైనా మార్చుకోవచ్చు. గోడ సంగతి అలా కాదు.

1900కు ముందు కట్టిన పల్లె రాతి ఇంటి గోడ సాధారణంగా 450 నుంచి 600 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. బయటా లోపలా రాయి, మధ్యలో సున్నంతోనో మట్టితోనో నింపిన చిల్లరాళ్లు. ఇప్పటి గోడల్లో ఉండే ఖాళీ పొర గానీ, పునాది మీద చెమ్మను ఆపే పొర గానీ ఇందులో ఉండవు. వాన పడితే గోడ కొంత నీళ్లు పీలుస్తుంది, ఎండకూ గాలికీ వదిలేస్తుంది. సున్నం అతుకులు, సున్నం గార, సున్నపు వెల్ల ఆ రాకపోకలకు దారి ఇస్తాయి. దాని మీద సిమెంటు పూత పూస్తే కొన్నాళ్లకు వెంట్రుకంత పగుళ్లు వస్తాయి. పగుళ్లలోంచి నీళ్లు లోపలికి పోతాయి, కానీ సిమెంటును దాటి ఆరిపోలేవు. లోపలివైపు జిప్సం ప్లాస్టరు, ప్లాస్టిక్ ఎమల్షన్ రంగు ఉంటే ఆ వైపూ దారి మూసుకుపోతుంది. తడి గోడలోంచి వేడి ఎక్కువగా పోతుంది కాబట్టి ఎంత హీటింగ్ పెట్టినా గది చల్లగానే ఉంటుంది. కర్రచట్రపు ఇంట్లో ఇదే తప్పు చేస్తే అడుగున ఉండే దూలం పుచ్చిపోతుంది. డెవన్‌లో కాబ్ అనే మట్టిగోడకైతే మరీ ప్రమాదం. సిమెంటు వెనక చేరిన నీళ్లకు గోడ అడుగు మెత్తబడి జారిపోయే అవకాశం ఉంది.

ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు ముందు బయటి గోడ దగ్గర కూర్చుని కింది మీటరు భాగాన్ని చూడండి. రాళ్ల మధ్య అతుకులు బూడిదరంగులో, గట్టిగా, రాయికంటే ముందుకు పొడుచుకొచ్చి ఉంటే అది సిమెంటు. ఆ అతుకుల మధ్య రాయి మొహం పొరలుపొరలుగా రాలిందంటే, అతుకులోంచి పోవాల్సిన తడి రాయిలోంచి పోతోందని, మంచు కాలంలో అది గడ్డకట్టి రాయిని పగలగొడుతోందని అర్థం. సున్నం అతుకు లేతరంగులో ఉంటుంది, తాళంచెవి కొసతో గీస్తే గీత పడుతుంది. పూత ఉన్నచోట వేళ్ల కణుపులతో తట్టండి. డొల్ల శబ్దం వస్తే పూత గోడను వదిలేసింది. గోడ అడుగున 10, 12 సెంటీమీటర్లకొకటి చొప్పున పూడ్చిన రంధ్రాల వరుస కనబడితే, గతంలో చెమ్మకు రసాయనం ఎక్కించారన్నమాట. చిల్లరాళ్లు నింపిన గోడలో ఆ రసాయనం తెగకుండా ఒక పొరలా పరుచుకోవడం కష్టం. దానికి ఇచ్చిన 20 ఏళ్ల గ్యారంటీ కాగితం చూసి ధీమా పడొద్దు.

లోపల కిటికీ కింది భాగం, మెట్ల కింది గూడు, బీరువా వెనక చూడండి. తెల్లని ఉప్పు నూగు, బుడగలు లేచిన రంగు, గది మొత్తం పాత రంగులో ఉండి కింది మీటరు మాత్రమే తాజాగా ఉండటం, ఇవన్నీ ఒకే కథ చెబుతాయి. గోడ మరీ నున్నగా ఉండి తట్టితే బోలుగా పలికితే కర్రబద్దల మీద ప్లాస్టర్‌బోర్డు కొట్టారని లెక్క. వెనక చెమ్మ కనబడకుండా పోయింది గానీ ఆగలేదు. చెమ్మ మీటరు అంకెలను మాత్రం ఒంటిగా నమ్మొద్దు. అది కర్ర కోసం చేసిన పరికరం, విద్యుత్ ప్రవాహాన్ని బట్టి అంకె చూపిస్తుంది. పొయ్యిగూడు చుట్టూ వందేళ్ల మసిలోని ఉప్పులున్న గోడ మీద పెడితే గోడ పొడిగా ఉన్నా ఎర్రగీత దాటుతుంది. ఆ అంకె చూసి రసాయనం అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు.

చెమ్మకు అసలు కారణం చాలాసార్లు గోడలో కాక నేలమట్టంలో ఉంటుంది. తరాల తరబడి దారి ఎత్తు పెరిగి, తోటలో రాళ్లు పరిచి, బయటి నేల లోపలి నేలకంటే పైకి వచ్చేస్తుంది. బయటి మట్టం లోపలి నేలకంటే కనీసం 150 మిల్లీమీటర్లు కింద ఉండాలి. లేకపోతే మట్టి తీయించాలి, లేదా గోడ పొడవునా కందకం తవ్వి రంధ్రాల పైపు వేసి కంకర నింపాలి. ఈ ఇళ్ల పునాదులు చాలా లోతు తక్కువ, ఒక్కోచోట పునాది అనేదే ఉండదు. గోడకు ఆనుకుని పునాది అడుగు కంటే లోతుగా తవ్వితే గోడ కుంగుతుంది. వాన పడుతున్నప్పుడు ఒకసారి వెళ్లి చూస్తే చూరు కాలువలు ఎక్కడ పొంగుతున్నాయో కళ్లారా తెలిసిపోతుంది.

నేల సంగతి అమ్మేవారిని సూటిగా అడగాలి. పాత రాతి పలకలు తీసేసి, ప్లాస్టిక్ షీటు పరిచి, మీద కాంక్రీటు పోసి, అండర్‌ఫ్లోర్ హీటింగ్ పెట్టారా? అలాగైతే నేల కింది తడి పక్కలకు వెళ్లి గోడల్లోకి ఎక్కే అవకాశం ఉంది. నురుగు గాజు కంకర మీద సున్నపు కాంక్రీటు వేసిన నేలైతే చేయించినవారికి పాత ఇల్లంటే తెలుసని నమ్మొచ్చు. నేను మొదట మార్కులు వేసేది అలాంటి పనికే.

పొయ్యిగూడు ఈ ఇంటికి ప్రాణం, అందుకే దాని మీద ఇంకొంచెం సమయం పెట్టండి. గూటి పైన అడ్డంగా ఉండే పెద్ద దూలాన్ని బ్రెసమర్ అంటారు. స్టవ్ దానికి ఎంత దూరంలో ఉండాలో తయారీ పుస్తకంలో రాసి ఉంటుంది, టేపు పెట్టి కొలవండి. దూలం కింది అంచు నల్లగా మాడి ఉంటే అది పాత మంటల గుర్తా, కొత్త స్టవ్ వేడా అన్నది తేల్చుకోవాలి. పొగగొట్టంలో స్టీలు గొట్టం దించారా, స్టవ్ బిగింపు నిబంధనల ప్రకారం జరిగిందని చెప్పే హెటాస్ సర్టిఫికెట్ ఉందా, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా అని అడగాలి. ఇలాంటి పాత ఇంట్లో స్టవ్ 5 కిలోవాట్లు దాటితే గదిలోకి ఎప్పుడూ గాలి వచ్చే రంధ్రం తప్పనిసరి. చలిగాలి వస్తోందని దాన్ని టేపుతో మూసేసిన ఇళ్లు ఉంటాయి. అది ప్రాణం మీదికి తెచ్చే పని. కట్టెల్లో తేమ 20 శాతం లోపు ఉండాలి, లేకపోతే గొట్టం లోపల తారు పేరుకుంటుంది.

దూలాలకు పురుగు రంధ్రాలు ఉండటం మామూలే, భయపడక్కర్లేదు. 1, 2 మిల్లీమీటర్ల రంధ్రాలు మామూలు పురుగువి, 3 మిల్లీమీటర్ల వరకు ఉన్నవి డెత్‌వాచ్ బీటిల్‌వి. రంధ్రం అంచు పదునుగా ఉండి, కింద లేత పసుపు పొడి తాజాగా రాలుతుంటేనే పురుగు బతికున్నట్టు. కర్ర తడిసినచోటే అది బతుకుతుంది కాబట్టి మందు కొట్టడం కంటే తడి ఆపడం ముఖ్యం.

అటక ఎక్కి చూడకుండా మాట ఇవ్వకండి. పెంకుల అడుగున నురుగు స్ప్రే చేసి ఉంటే బ్యాంకులు అప్పు ఇవ్వడానికి వెనకాడతాయి. వాసాలు ఎలా ఉన్నాయో కనబడకుండా అది కప్పేస్తుంది, తడి చేరితే లోపలే పుచ్చుతాయి. గడ్డి కప్పు అయితే శిఖరం వరుసను పది పదిహేనేళ్లకొకసారి మార్చాలి. నీటి రెల్లు కప్పు పాతికేళ్లకు పైగా నిలుస్తుంది, పొడవు గడ్డి అంతకంటే తక్కువ. చివరిసారి ఎప్పుడు, ఏ గడ్డితో కప్పారో తెలిసిన తర్వాతే ధర మాట్లాడాలి. గడ్డి ఇంటికి బీమా చేసేవాళ్లు పొగగొట్టం ఏడాదికి రెండుసార్లు ఊడ్పించమని, వైరింగ్ తనిఖీ కాగితం చూపమని అడగడం మామూలు.

వెనక కట్టిన కొత్త భాగంలో చూడాల్సింది ఒకే చోటు, పాత గోడకు కొత్త గోడ కలిసే అతుకు. రెండింటి కదలిక వేరు కాబట్టి సన్నటి నిలువు గీత సహజం. పైన వెడల్పుగా, కింద సన్నగా ఉండి 5 మిల్లీమీటర్లు దాటిన పగులైతే స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి.

గోడ తర్వాత అంత ముఖ్యమైనవి కాగితాలు. 1700కు ముందు కట్టి, అసలు రూపు మిగిలిన ఇళ్లు దాదాపు అన్నీ లిస్టెడ్, అంటే చారిత్రక కట్టడంగా చట్టరక్షణ ఉన్నవి, అయ్యే అవకాశం ఉంది, 1850 లోపువి చాలావరకు. హిస్టారిక్ ఇంగ్లండ్ అనే ప్రభుత్వ సంస్థ జాబితాలో ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు, ఎక్కువ ఇళ్లు గ్రేడ్ 2లో ఉంటాయి. గ్రేడ్ 2 అంటే బయటి మొహం మాత్రమే అనుకోవడం పొరపాటు. లోపలి మెట్లు, తలుపులు, పాత గార, 1948 జూలై 1కి ముందు నుంచీ పెరట్లో ఉన్న కొట్టం కూడా రక్షణ కిందికే వస్తాయి. అనుమతి లేకుండా ఇంటి స్వభావం మారేలా పని చేయడం 1990 చట్టం ప్రకారం నేరం. చేసినవాడి మీద కేసు ఉంటే ఉండొచ్చు, కానీ సరిచేయమని స్థానిక కౌన్సిల్ నోటీసు ఇచ్చేది ప్రస్తుత యజమానికి. మామూలు ప్లానింగ్ ఉల్లంఘనలకు ఉన్న కాలపరిమితి ఇక్కడ లేదు. అంటే ఎప్పుడో ఎవరో అనుమతి లేకుండా గోడ కొట్టి రెండు గదులు కలిపినా, ప్లాస్టిక్ కిటికీలు పెట్టినా, ఆ భారం ఇంటితో పాటు మీ చేతికి వస్తుంది. మీ సొలిసిటర్ (ఇంటి కొనుగోలు చూసే లాయరు) ఇలాంటి లోపాల నష్టానికి బీమా ఇచ్చే ఇండెమ్నిటీ పాలసీ తీసుకుందాం అంటే, అంతకుముందే మీరు కౌన్సిల్‌కు ఫోన్ చేసి అడిగి ఉంటే ఆ పాలసీ దొరకడం కష్టమని గుర్తుంచుకోండి. ముందు సొలిసిటర్‌తో మాట్లాడి, తర్వాతే ఎక్కడికైనా ఫోన్ చేయాలి.

లిస్టెడ్ కాకపోయినా కొత్త గదికి, అటక పడకగదికి, తీసేసిన గోడ చోట పెట్టిన ఉక్కు దూలానికి బిల్డింగ్ రెగ్యులేషన్స్ పూర్తి ధ్రువపత్రం ఉండాలి. 2002 ఏప్రిల్ తర్వాత మార్చిన కిటికీలకు ఫెన్సా (కిటికీలు బిగించేవారి నమోదు పథకం) పత్రమో కౌన్సిల్ పత్రమో, 2005 జనవరి తర్వాత చేసిన పెద్ద వైరింగ్ పనికి పార్ట్ పీ (ఇంటి విద్యుత్ భద్రత నియమం) పత్రం అడగండి. వరుస కాటేజీల్లో ఒకరి పడకగది పక్కవారి దారి మీదికి వచ్చి ఉంటే దాన్ని ఫ్లయింగ్ ఫ్రీహోల్డ్ అంటారు, కొన్ని బ్యాంకులు దానికి వెనకాడతాయి.

చాలా పల్లెల్లో గ్యాసు లైను ఉండదు, చమురు బాయిలరే దిక్కు. ట్యాంకు రెండు గోడల రకందా, ఎంత పాతది అని చూడాలి. చమురు సాధారణంగా 500 లీటర్లకు తక్కువ తెచ్చివ్వరు. బయటి గాలిలోనో నేలలోనో ఉన్న వేడిని ఇంట్లోకి లాగే హీట్ పంపు పెట్టుకుంటే ప్రభుత్వ పథకం కింద 7,500 పౌండ్లు వస్తాయి, కానీ రేడియేటర్లు పెద్దవి కావాలి, లిస్టెడ్ ఇంటికి అనుమతీ కావాలి. తడి గోడలున్న ఇంటికి మాత్రం ముందు గోడలు ఆరనిచ్చి తర్వాత దాని గురించి ఆలోచించడం మంచిది. మురుగు సెప్టిక్ ట్యాంకులోకి పోతుంటే అది నేరుగా వాగులోకో కాలువలోకో వదులుతోందా అని తప్పక తేల్చుకోండి. 2020 జనవరి 1 నుంచి ఇంగ్లండులో అది కుదరదు, శుద్ధి ప్లాంటు లాంటి వేరే ఏర్పాటు చేయించాలి. ఆ ఖర్చు అమ్మేవారి ధరలోంచి తగ్గాలి.

ఇక డబ్బు లెక్క. 4,50,000 పౌండ్ల కాటేజీ అనుకుంటే, 2025 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న రేట్ల ప్రకారం స్టాంప్ డ్యూటీ 12,500. మొదటి ఇల్లు కొనేవారికి 7,500. ఇంకో ఇల్లు ఉంచుకుని ఇది రెండోదిగా కొంటే 5 శాతం అదనం కలిసి 35,000. సర్వేలో పొదుపు చేయొద్దు. పైపైన చూసే లెవెల్ 2 ఈ ఇళ్లకు సరిపోదు, సున్నం పని తెలిసిన సర్వేయరుతో ఆర్‌ఐసీఎస్ (సర్వేయర్ల వృత్తి సంస్థ) నిర్దేశించిన, అన్నిటికంటే వివరమైన లెవెల్ 3 చేయించండి. బ్యాంకు చేయించే విలువ లెక్క సర్వే కాదు. మరమ్మతుల మీద 20 శాతం వ్యాట్ పడుతుంది, లిస్టెడ్ ఇంట్లో అనుమతితో చేసే మార్పులకు ఉండిన మినహాయింపు కూడా 2012 అక్టోబరుతో పోయింది.

ఇంగ్లండులో ఇరుపక్షాలూ సంతకం చేసిన కాంట్రాక్టులు ఇచ్చిపుచ్చుకునేదాకా ఎవరూ కట్టుబడి లేరు. ఆ రోజున సాధారణంగా 10 శాతం కట్టేస్తారు, తర్వాత వెనక్కి తగ్గితే అది పోతుంది. కాబట్టి తగువులన్నీ అంతకుముందే. సిమెంటు పూత, ఎత్తు పెరిగిన నేల, పాత ట్యాంకు ఇవన్నీ ధర తగ్గించుకుని సరిచేసుకోగలిగినవే, వాటికి భయపడి మంచి ఇల్లు వదులుకోకండి. పూత తీసేశాక గోడ ఆరడానికి నెలలు, ఒక్కోసారి ఏడాదికి మించి పడుతుంది, ఆ లోపల మళ్లీ ప్లాస్టరు చేయించొద్దు. అనుమతి లేని లిస్టెడ్ పని దొరికితే మాత్రం ధర తగ్గింపుకు ఒప్పుకోవద్దు. అమ్మేవారే కౌన్సిల్‌తో తేల్చుకుని కాగితం తెచ్చేదాకా సంతకం పెట్టకండి.