షిఫ్టు డ్యూటీలవాళ్లకు వినే బైబిల్: యూవర్షన్ యాప్ తెలుగులో

నేను గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. ఉండేది తెనాలిలో. ఒక వారం పొద్దున ఎనిమిది నుంచి రెండు దాకా, ఇంకో వారం రెండు నుంచి ఎనిమిది దాకా డ్యూటీ. నైట్ పడితే రాత్రి ఎనిమిదికి ఎక్కి తెల్లారి ఎనిమిదికి దిగాలి. వేకువనే లేచి వాక్యం చదువుకోమని మా గుళ్లో అయ్యగారు చెబుతుంటారు. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో యేసు ప్రభువు ఇంకా చీకటి ఉండగానే లేచి, ఎవరూ లేని చోటికి వెళ్లి ప్రార్థన చేసుకున్నారు కదా, ఆ మాదిరి చూపిస్తారు. మంచి మాట. కానీ నైట్ వారంలో నా వేకువంతా వార్డులోనే పోతుంది. ఐదింటికి ఇంజెక్షన్లు, ఆరింటికి రక్తం శాంపిళ్లు, తర్వాత చార్టులు రాసి హ్యాండోవర్‌కి సిద్ధం కావడం. ఆ గంట రోగిది. అందులోంచి పది నిమిషాలు ప్రార్థనకని తీసుకోవడం నాకు సరైనదిగా అనిపించదు.

ఇలా ప్రతి వారం టైము మారిపోయేవాళ్లు చాలామంది ఉన్నారు. 108 అంబులెన్సు డ్రైవర్లు, రైల్వే వాళ్లు, పోలీసులు, అమెరికా టైముకి పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలు. వాళ్లను మనసులో పెట్టుకుని యూవర్షన్ వాళ్ల బైబిల్ యాప్ గురించి రాస్తున్నాను.

ముందు వివరాలు. అమెరికాలోని ఒక్లహోమాలో లైఫ్ చర్చ్ అనే సంఘం 2008లో దీన్ని ఫోన్లలోకి తెచ్చింది. డబ్బు కట్టక్కర్లేదు, ప్రకటనలు ఉండవు. ఈ రెండో మాట నాకు చాలా ముఖ్యం. కీర్తన చదువుతుంటే మధ్యలో లోన్ యాప్ బొమ్మ వచ్చి పడితే ఇక మనసు నిలవదు. సెట్టింగుల్లో భాష మారిస్తే మెనూలు కూడా తెలుగులోకి వస్తాయి. తెలుగు అనువాదాలు ఒకటికి మించి ఉన్నాయి. గుళ్లో చదివే బైబిల్ సొసైటీ వాళ్ల పాత అనువాదం ఉంది, వాడుక తెలుగుకి దగ్గరగా ఉండే సమకాలీన అనువాదమూ ఉంది. నేను మొదటిది వదల్లేను, మా పిల్లలు రెండోది చదువుతారు.

ఇందులో నాకు ఎక్కువ పనికొచ్చింది స్పీకర్ గుర్తు. అధ్యాయం తెరిచి దాన్ని నొక్కితే బైబిల్ చదివి వినిపిస్తుంది. అన్ని అనువాదాలకూ ఆడియో ఉండదు కాబట్టి ఆ గుర్తు కనిపించేదాన్ని ఎంచుకోవాలి. చదివే వేగం తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. ఇంతసేపటికి ఆగిపోవాలని టైమరు కూడా పెట్టుకోవచ్చు. నైట్ దిగి గుంటూరు స్టేషన్లో రైలెక్కాక కళ్లు పుస్తకం మీద నిలవవు. పన్నెండు గంటలు నిలబడ్డ ఒళ్లు అది. అప్పుడు ఒక చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకుని కీర్తనలు వింటాను. వేజండ్ల, సంగం జాగర్లమూడి దాటి తెనాలి వచ్చేలోపు నాలుగైదు చిన్న కీర్తనలు అవుతాయి. నూట పందొమ్మిదోది అలా కుదరదు, అందులో 176 వచనాలున్నాయి. దాన్ని ముక్కలు చేసుకోవాలి. హీబ్రూలో అది అక్షరానికి ఎనిమిదేసి వచనాల చొప్పున 22 భాగాలుగా ఉంది, మన బైబిళ్లలోనూ ఆ భాగాలు కనిపిస్తాయి. ఒక పూటకి ఒక భాగం చాలు.

వినడం చదవడం కంటే తక్కువ అని కొందరు పెద్దవాళ్లు అంటారు. బైబిల్ చేతిలో పట్టుకుని, కింద గీత గీసుకుంటూ చదివితేనే చదివినట్టని వాళ్ల ఉద్దేశం. ఇక్కడ నేను గట్టిగా వాదిస్తాను. రోమా పత్రిక పదో అధ్యాయంలో పౌలు విశ్వాసం వినడం వల్ల కలుగుతుందని రాశాడు. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక చివర్లో, ఈ ఉత్తరాన్ని సహోదరులందరికీ చదివి వినిపించమని ఒట్టు పెట్టి మరీ చెప్పాడు. ఆ రోజుల్లో ఇంటికో ప్రతి ఎక్కడిది? ఒకరు చదివితే సంఘమంతా వినేది. ప్రకటన గ్రంథం మొదట్లోనే చదివేవాడు, వినేవాళ్లు, ఇద్దరూ ధన్యులని ఉంది.

అంత దూరం కూడా అక్కర్లేదు, మన గుంటూరు జిల్లానే చూడండి. అమెరికా నుంచి లూథరన్ మిషనరీ హేయర్ అయ్యగారు 1842లో గుంటూరు వచ్చారు. తర్వాత ఇక్కడ సంఘంలో చేరిన పేదవాళ్లలో ఎక్కువమందికి చదువు లేదు. పల్లెల్లో ఉపదేశి చదివితే విన్నారు. ఆడవాళ్లకు బైబిల్ స్త్రీలు ఇళ్లకు వెళ్లి చెప్పారు. అమెరికా మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి, 1898లో ఆడవాళ్ల కోసం ఆసుపత్రి తెరిచారు. ఆ కాలం మిషన్ ఆసుపత్రుల్లో రోగుల దగ్గర కూర్చుని వాక్యం చెప్పడం కూడా బైబిల్ స్త్రీల పనే. మా నాయనమ్మకి అక్షరం రాదు. అయినా కొండమీది ప్రసంగం మొదటి నుంచి చివరికి చెప్పేది, వరినాట్లు వేస్తూ కీర్తనలు పాడేది. అన్నీ వినే నేర్చుకుంది. చేతులు పనిలో ఉన్నవాళ్లకు వాక్యం చెవి ద్వారా వచ్చిందని, అది తక్కువ విశ్వాసం కాదని నాకు ఆమెను చూసే తెలిసింది. అందుకే ఈ స్పీకర్ గుర్తుని నేను కొత్త సౌకర్యంగా చూడను.

అయితే ఒక తేడా ఉంది. బైబిల్ స్త్రీ చదివి ఊరుకునేది కాదు. ఏం విన్నావమ్మా, నీకేం అర్థమైంది అని అడిగేది. యాప్ అలా అడగదు. ఎంతసేపైనా చదువుకుంటూ పోతుంది, మన మనసు రేపటి ఫీజుల మీద ఉన్నా దానికి తెలియదు. వినడంలో ఉన్న పెద్ద ప్రమాదం ఇదే. దీనికి ఈ యాప్‌లోనే కొంత మందు ఉంది. రోజుకి ఇంతని భాగాలు చేసి ఇచ్చే పఠన ప్రణాళికని స్నేహితులతో కలిసి మొదలుపెట్టొచ్చు, రోజూ చదివాక అందరూ ఒకచోట తమ మాట రాయొచ్చు. నేనూ మరో ఇద్దరు సిస్టర్లం అలా చేస్తున్నాం. ముగ్గురివీ వేరు వేరు షిఫ్టులు, ఒక్కచోట కూర్చుని ప్రార్థన చేసుకునే వీలే ఉండదు. ఒకరు రాత్రి రెండింటికి బ్రేక్‌లో రాసింది ఇంకొకరు పొద్దున బస్సులో చదువుతారు. రాయాలి కాబట్టి శ్రద్ధగా వింటాం. ఈ యాప్‌లో నేను మెచ్చుకునే రెండో సంగతి ఇదే.

ప్రణాళికలు వేలల్లో ఉన్నాయి, వాటిలో తెలుగువి తక్కువ. ఉన్నవాటిలో కొన్ని మరీ పలచగా ఉంటాయి. ఒక వచనం ఇచ్చి దాని చుట్టూ ధైర్యం చెప్పే మాటలు నాలుగు పేరాలు రాస్తారు. టెన్షన్‌లో ఉన్నప్పుడు అవి ఓదార్పుగానే ఉంటాయి, కాదనను. కానీ రోజూ అదే భోజనమైతే యిర్మీయా గానీ హెబ్రీ పత్రిక గానీ ఎప్పటికీ మన దాకా రావు. నా సలహా, ఒక్క పుస్తకం పట్టుకుని మొదటి నుంచి వినండి. మార్కు సువార్త పదహారు అధ్యాయాలే. సామెతలు 31 ఉన్నాయి కాబట్టి తేదీని బట్టి ఒక్కో అధ్యాయం వినొచ్చు. షిఫ్టు ఏదైనా తేదీ మారదు కదా.

బైబిల్ అంతా ఏడాదిలో అయ్యే ప్రణాళిక తీసుకుంటే 1,189 అధ్యాయాలు, అంటే రోజుకి మూడు నాలుగు. స్కాట్లాండ్‌లో డండీ పట్టణంలో పాస్టరుగా ఉన్న రాబర్ట్ మర్రే మెక్‌షేన్ 1842లో, హేయర్ అయ్యగారు గుంటూరు వచ్చిన ఏడాదే, తన సంఘం కోసం రోజుకి నాలుగు అధ్యాయాల పట్టిక తయారుచేశారు. రెండు అధ్యాయాలు కుటుంబంతో, రెండు ఒంటరిగా. ఈ విభజన నాకు చాలా నచ్చింది. రైల్లో విన్నది నా వంతు. ఇంటికొచ్చాక కుటుంబ ప్రార్థనలో అత్తయ్య, మా ఆయన, పిల్లలు వంతులవారీగా చదివేది ఇంకో వంతు. అది మాత్రం అచ్చు పుస్తకంలోనే. పిల్లలకు అమ్మ చేతిలో ఫోన్ కనిపిస్తే అమ్మ ప్రార్థనలో ఉందో వాట్సాప్‌లో ఉందో తెలియదు. పుస్తకమైతే ఆ సందేహం ఉండదు.

ఒకవేళ వెనకబడితే ప్రణాళికలో మళ్లీ అందుకునే ఏర్పాటు ఉంది. అది నొక్కితే తప్పిన రోజులు ముందుకు జరుగుతాయి. షిఫ్టు వాళ్లకు ఇది పెద్ద ఉపకారం. కానీ వరసగా ఎన్ని రోజులు యాప్ తెరిచామో చూపించే అంకె నాకు నచ్చదు. చిన్న పిల్లలకు అలవాటు చేయడానికి అది పనికిరావచ్చు. వరసగా రెండు నైట్లు చేసి పడి నిద్రపోయిన మనిషికి ఆ అంకె మళ్లీ ఒకటికి రావడం చూస్తే దేవుడి దగ్గర కూడా హాజరు పోయినట్టనిపిస్తుంది. మా జూనియర్ సిస్టర్ ఒకామె అలాగే బాధపడితే, ఆ పట్టీ దేవుడు పెట్టింది కాదమ్మా, ముందు పడుకో అని చెప్పాను.

వాడే ముందు కొన్ని జాగ్రత్తలు. ఆడియోకి నెట్ కావాలి, కాబట్టి ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి వినడం కుదరదు. దానికి బదులు ఫోన్లో డు నాట్ డిస్టర్బ్ ఆన్ చేసుకుని, ఇంటివాళ్ల నంబర్లకు మాత్రం అనుమతి ఇవ్వండి. లేకపోతే వార్డు గ్రూపు, స్కూలు గ్రూపు, అపార్ట్‌మెంటు గ్రూపు, అన్నీ యెషయా మధ్యలోనే మోగుతాయి. డౌన్‌లోడ్ గుర్తు ఉన్న అనువాదమైతే ఇంట్లో వైఫై ఉన్నప్పుడే దించుకోండి, సిగ్నల్ లేనిచోట చదువుకోవచ్చు. రోజుకో వచనం పంపే నోటిఫికేషన్ టైము మీరే పెట్టుకోవచ్చు. నేను ప్రతి వారం డ్యూటీ చార్ట్ వేయగానే దాన్ని కూడా మారుస్తాను, డ్యూటీ దిగాక అరగంటకి వచ్చేలా. డ్యూటీలో మాత్రం ఫోన్ లాకర్లోనే.

మా అత్తయ్యకి కంట్లో శుక్లం. పెద్దక్షరాల బైబిల్ కూడా కష్టమైపోయింది. ఆమె ఫోన్లో ఈ యాప్ పెట్టి, అక్షరాలు వీలైనంత పెద్దవి చేసి, స్పీకర్ గుర్తు ఎక్కడుందో చూపించాను. మధ్యాహ్నం బియ్యం ఏరుతూ యోహాను సువార్త పెట్టుకుంటుంది. ఒక అధ్యాయం అయ్యాక తర్వాతది దానంతటదే వస్తుంటే, కాస్త ఆపు, ఇందాక సమరయ స్త్రీతో ఏమన్నాడో మళ్లీ విననీ అని నన్ను పిలుస్తుంది. వెనక్కి తిప్పడం ఆమెకింకా కష్టమే.

ఐదుకి నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ తెలుగు ప్రణాళికలు తక్కువైనందుకు. మన పాస్టర్లు, మన వేదాంత కళాశాలల వాళ్లు రాసినవి ఇందులోకి రావాలి. నైట్ డ్యూటీ చేసేవాళ్లకు, పొలం పనులవాళ్లకు, మంచానపడ్డవాళ్లకు విడివిడిగా రాసినవి ఉండాలి. నాకైతే ఆసుపత్రిలో పనిచేసేవాళ్ల కోసం యోబు గ్రంథం మీద ఒక ప్రణాళిక కావాలి. ఎవరైనా రాస్తానంటే నేనూ మా సిస్టర్లూ కూర్చుని సాయం చేస్తాం.