బేస్ గిటార్ మ్యూట్: కొన్నవీ, చేసుకున్నవీ ఏళ్ల తరబడి వాడాక

బేస్ గిటార్ తీగలకి మ్యూట్, అంటే మోతని తొందరగా ఆపే మెత్తటి అడ్డు, కావాలనుకునే వాళ్లకి నేను ముందుగా చెప్పేది ఒకటే. మెత్తటి ఫోమ్ ముక్క ఒకటి కోసుకుని బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే లోహపు భాగం) పక్కన తీగల కింద దూర్చి చూడండి. కొనడం సంగతి ఆ తర్వాత ఆలోచించొచ్చు. ఏళ్ల తరబడి నేను రకరకాలవి వాడాను: చేత్తో కోసుకున్న ఫోమ్, ఫెల్ట్ గుడ్డ, తీగల మీద తొడిగే రెడీమేడ్ రబ్బరు మ్యూట్, గిటార్‌లోనే స్క్రూలతో బిగించి వచ్చిన మ్యూట్, ఇవేవీ లేకుండా ఉత్త అరచేయి. ఇప్పటికీ నా గిటార్ కేసులో ఎప్పుడూ ఉండేది ఫోమే. దాన్ని సరిగ్గా కోసుకుంటే కొన్నదానికి ఏమాత్రం తీసిపోదు, చాలాసార్లు అంతకంటే బాగుంటుంది.

మ్యూట్ పెడితే శబ్దం కొంచెం తగ్గుతుంది. అయితే మనం దాన్ని పెట్టేది స్వరం తొందరగా ఆగడానికి. వేలు తీగని మీటగానే ధుమ్ అని నిండుగా వినిపించి, వెంటనే దిగిపోవాలి. అప్పుడు ఒక స్వరానికీ తర్వాతి స్వరానికీ మధ్య కాస్త ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో కాలితో కొట్టే కిక్ డ్రమ్ విడిగా వినపడుతుంది, పాట మొత్తం తేలికపడుతుంది. గిటార్ మీది టోన్ నాబ్ పూర్తిగా తగ్గించినా ఇదే వస్తుందని కొందరంటారు. నేను రెండూ పక్కపక్కన పెట్టి చాలాసార్లు విన్నాను, రెండూ ఒకటి కావు. నాబ్ తగ్గిస్తే పదును పోతుంది కానీ స్వరం అంతే సేపు మోగుతూ ఉంటుంది. మ్యూట్ పెడితే మీటిన క్షణంలోని పదును కొంత మిగిలే ఉంటుంది, ఆ వెనకాల వచ్చే సాగుడు పోతుంది.

దీనికి కారణం తీగ ఊగే తీరులోనే ఉంది. మూలస్వరం (స్వరానికి అసలు శృతి) పలికేటప్పుడు తీగ ఎక్కువగా ఊగేది మధ్యలో. బ్రిడ్జ్ దగ్గర దాదాపు కదలదు. దాంతోపాటు పైన పలికే సన్నటి ఉపస్వరాలు, అంటే హార్మోనిక్స్, అలా కాదు, అవి బ్రిడ్జ్‌కి దగ్గరగా కూడా బాగానే కదులుతాయి. అందుకని బ్రిడ్జ్‌ని ఆనుకుని పెట్టిన ఫోమ్ ముందు హార్మోనిక్స్‌ని తినేస్తుంది, మూలస్వరాన్ని కాస్త వదిలిపెడుతుంది. అదే ఫోమ్‌ని పికప్ (తీగ ఊపుని పట్టే అయస్కాంతపు భాగం) వైపు జరుపుతూ పోతే మూలస్వరం కూడా చచ్చిపోతుంది. చివరికి ఏ స్వరమో తెలియని టక్ టక్ మాత్రమే మిగులుతుంది. మ్యూట్ పెట్టి చూసి "బాగోలేదు" అని పక్కన పడేసిన వాళ్ల గిటార్లు కొన్ని చూశాను. ఫోమ్ చాలా ముందుకి ఉండటమో, మరీ గట్టిగా ఉండటమో తప్ప వాటిలో ఇంకో కారణం నాకు కనపడలేదు.

ఇది ఎవరో ఈ మధ్య కనిపెట్టిన కిటుకు కాదు. ఫెండర్ కంపెనీ తొలినాటి ప్రెసిషన్ బేస్ గిటార్లకి బ్రిడ్జ్ మీద ఒక లోహపు మూత ఉండేది, దాని లోపల తీగలకి తగిలేలా మ్యూట్ పట్టీ అంటించి ఉండేది. అదే కంపెనీ నుంచి 1960లో వచ్చిన జాజ్ బేస్‌కి మొదట్లో ఒక్కో తీగకీ విడివిడిగా మ్యూట్ ఇచ్చారు. 1976లో వచ్చిన మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రేలో కూడా ఒక్కో తీగకీ వేరువేరుగా సర్దుకునే మ్యూట్లు ఉండేవి. రికెన్‌బ్యాకర్ 4001లో అయితే బ్రిడ్జ్ దగ్గరే ఫోమ్ ఉంటుంది, దాన్ని చేతి స్క్రూలతో పైకీ కిందకీ జరుపుకోవచ్చు. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ రికార్డింగులకి వాయించిన జేమ్స్ జేమర్సన్ తన 1962 ప్రెసిషన్‌కి మందపాటి ఫ్లాట్‌వౌండ్ (పైన చదునైన పట్టీ చుట్టిన) తీగలు వేసి, బ్రిడ్జ్ మూత కింద ఫోమ్ ఉంచుకునేవాడు. లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో వాయించిన కరోల్ కే తీగల మీద ఫెల్ట్ పెట్టి, పిక్‌తో (మీటే చిన్న పలకతో) వాయించేది. ఇద్దరిదీ మ్యూట్ బేసే, కానీ ఆయనది గుండ్రంగా, మెత్తగా ఉంటుంది, ఆమెది కొరుకుడుతో, స్పష్టంగా ఉంటుంది. ఏ పదార్థం, ఏ వైపు నుంచి, దేనితో వాయిస్తున్నాం అన్నవి ఎంత తేడా తెస్తాయో ఈ ఇద్దరినీ వింటే తెలిసిపోతుంది.

ఇక ఫోమ్ ఎలా కోసుకోవాలో చూద్దాం. బ్రిడ్జ్ శాడిల్స్‌కి (ఒక్కో తీగా ఆనే చిన్న ముక్కలకి) సరిగ్గా ముందు, గిటార్ ఒంటికీ తీగల అడుగుకీ మధ్య ఎంత ఎత్తుందో స్కేలు పెట్టి కొలవండి. ఈ ఎత్తు గిటార్‌ని బట్టి మారుతుంది, కాబట్టి ఇంకొకరు చెప్పిన కొలత మీకు పనికిరాదు. ఫోమ్ దానికంటే రెండు మూడు మిల్లీమీటర్లు ఎత్తుండాలి, అంతే. తీగ దాని మీద ఆనాలి, దాన్ని నలపకూడదు. వెడల్పు ఒక సెంటీమీటర్ దగ్గర మొదలుపెట్టండి. పొడవు విషయానికొస్తే, నాలుగు తీగల గిటార్‌కి బ్రిడ్జ్ దగ్గర తీగల మధ్య దూరం సాధారణంగా 19 మిల్లీమీటర్లు ఉంటుంది, అంటే మొదటి తీగ నుంచి చివరి తీగ దాకా 57. రెండు వైపులా కాస్త బయటికి వచ్చేలా 70 కోసుకుంటే జారిపోదు.

ఏ ఫోమ్ అన్నది చాలామంది అడిగే ప్రశ్న. వేళ్లతో నొక్కితే తేలిగ్గా అణిగి, వదలగానే మెల్లగా కాకుండా చటుక్కున పైకి లేచేది తీసుకోండి. కుషన్లలో ఉండేలాంటి మెత్తటి ఫోమ్, గిన్నెలు తోమే స్పాంజిలో మెత్తటి పసుపు భాగం, రెండూ బాగా పనిచేస్తాయి. గరుకు పచ్చ పొర మాత్రం కోసి తీసేయండి, అది తీగకి తగిలితే గరగరలాడుతుంది. పెట్టెల్లో సామాను చుట్టూ వచ్చే గట్టి తెల్ల ప్యాకింగ్ ఫోమ్ వద్దు. మౌస్ ప్యాడ్ రబ్బరు ముక్కలు కూడా కొందరు వాడతారు. నా చెవికి అది మరీ ఎక్కువ మింగేస్తుంది, కానీ బాగా పొట్టి స్వరాలు కావాలంటే పనికొస్తుంది.

ఇక్కడ దగ్గరికి వెళ్లి చూడాల్సిన సంగతి ఒకటుంది. వేళ్లతో తీగలు నొక్కే ఫ్రెట్‌బోర్డ్ కాస్త వంపు తిరిగి ఉంటుంది కదా, శాడిల్స్ కూడా ఆ వంపుకి తగ్గట్టు సర్ది ఉంటాయి. అంటే మధ్యలోని ఏ (A), డీ (D) తీగలు కొంచెం ఎత్తులో, అంచున ఉన్న మందపు ఈ (E), సన్నటి జీ (G) తీగలు కొంచెం దిగువన ఉంటాయి. పైభాగం చదునుగా కోసిన ఫోమ్ పెడితే అంచు తీగలకి గట్టిగా తగులుతుంది, మధ్యవాటికి అంటీ అంటనట్టు ఉంటుంది. ఫలితంగా మధ్య తీగలు సాగుతాయి, అంచు తీగలు ఆగిపోతాయి, ఒకే లైన్‌లో (వాయించే స్వరాల వరసలో) తీగ మారినప్పుడల్లా గొంతు మారినట్టుంటుంది. అందుకని ఫోమ్ పైభాగాన్ని కత్తెరతో కొంచెం విల్లులా గీరుకోవాలి. దానికి తోడు జీ వైపు ఇంకాస్త తగ్గించండి. సన్నటి తీగ అదే ఒత్తిడికి మందపు తీగకంటే ముందే చచ్చిపోతుంది. ఒకేసారి ఎక్కువ కోయకుండా, కొంచెం గీరి, పెట్టి, వాయించి, మళ్లీ తీసి గీరుతూ పోతే నాలుగు తీగలూ ఒకే పొడవు స్వరం ఇచ్చే చోటు దొరుకుతుంది. నేను సరిచూసుకునేది ఇలా: నాలుగు తీగలనీ ఖాళీగా, ఒకే బలంతో, ఒకదాని తర్వాత ఒకటి మీటుతాను. ప్రతి స్వరమూ ఏదో స్పష్టంగా తెలియాలి, సుమారు ఒక సెకనులో దిగిపోవాలి.

ఫోమ్ పెట్టాక ట్యూనింగ్ తప్పకుండా మళ్లీ చూసుకోండి. ఫోమ్ గట్టిగా ఒత్తుతుంటే అది రెండో బ్రిడ్జ్‌లా పనిచేస్తుంది, మోగే తీగ పొడవు తగ్గి శృతి కొద్దిగా పైకి పోతుంది. ఖాళీ తీగని సరిచేసుకున్నా పన్నెండో ఫ్రెట్ (ఫ్రెట్‌బోర్డ్ మీది లోహపు గీత) దగ్గర ఇంకా పైకే ఉందంటే ఫోమ్ ఎక్కువైందని అర్థం. శాడిల్స్ జోలికి వెళ్లకుండా ఫోమ్‌నే తగ్గించండి. పై ఫ్రెట్లలో ఇంకో సంగతి కూడా ఉంది. మామూలు బేస్ స్కేల్, అంటే ఖాళీ తీగ మోగే పొడవు, 34 అంగుళాలు, అంటే సుమారు 864 మిల్లీమీటర్లు. పన్నెండో ఫ్రెట్ నొక్కితే మోగేది అందులో సగమే. ఫోమ్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది, కాబట్టి పొడవుతో పోల్చి చూస్తే తీగలో రెట్టింపు లోపలికి వచ్చినట్టే. పైకి వెళ్లేకొద్దీ స్వరాలు పొట్టిగా, ఎండిపోయినట్టు వినిపించడం అందుకే. మ్యూట్ ఉన్నప్పుడు నేను వీలైనంతవరకు మొదటి ఏడు ఫ్రెట్లలోనే లైన్ కట్టుకుంటాను. ఆ పరిమితి నాకు ఇష్టమే, దానివల్ల లైన్లు సూటిగా వస్తాయి.

తీగల రకం కూడా చూసుకోవాలి. ఫ్లాట్‌వౌండ్ తీగలతో ఫోమ్ సహజంగా కలిసిపోతుంది. గుండ్రటి తీగ చుట్టిన రౌండ్‌వౌండ్‌తో కూడా బాగుంటుంది, పైన చిన్న క్లిక్ లాంటిది మిగులుతుంది, పిక్‌తో వాయించేవాళ్లకి అదే నచ్చుతుంది. కానీ రౌండ్‌వౌండ్ తీగలు ఫోమ్‌ని తినేస్తాయి. కొన్నాళ్లు వాడిన ముక్కని బయటికి తీసి వెలుతురులో పట్టుకుంటే నాలుగు గాళ్లు కనిపిస్తాయి. ఈ (E) తీగ గాడి వెడల్పుగా, లోతు లేకుండా ఉంటుంది. జీ తీగది బ్లేడుతో కోసినట్టు సన్నగా, లోతుగా దిగిపోయి ఉంటుంది. ఆ గాడి లోతు పెరిగేకొద్దీ జీ తీగ మళ్లీ సాగడం మొదలుపెడుతుంది. అప్పుడు ముక్కని కొంచెం పక్కకి జరిపి పెడితే ఇంకొన్నాళ్లు వస్తుంది.

ఫోమ్‌ని గిటార్‌కి అంటించొద్దు. తీగల ఒత్తిడికే అది కదలకుండా ఉంటుంది. పాత ఫోమ్ కాలం గడిచేకొద్దీ పొడిగా రాలుతుంది, లేదంటే జిగురుగా మారుతుంది, చేతి చెమట తగిలితే ఇంకా తొందరగా. అలాంటిది ఒంటికి అతుక్కుంటే తీయడం నరకం. నైట్రోసెల్యులోజ్ పూత ఉన్న గిటార్ అయితే రబ్బరు ముక్కలు, ఫోమ్ లాంటివి దాని మీద ఎక్కువకాలం వదిలేయకండి, పూతతో కలిసిపోయి మరకలు పడతాయి. కింద పల్చటి నూలు గుడ్డ ముక్క వేసుకుంటే సరిపోతుంది.

ఫెల్ట్ గురించి కొంచెమే చెబుతాను. రెండు మడతలు వేసి, బ్రిడ్జ్ ముందు తీగల మీద ఆనేలా అటూ ఇటూ టేపుతో పట్టిస్తే పిక్ వాయింపుకి అద్భుతంగా ఉంటుంది. దెబ్బ స్పష్టంగా, తోక పొట్టిగా వస్తుంది. వేళ్లతో వాయిస్తే నాకు పొడిగా అనిపిస్తుంది. పాట మధ్యలో తీసి పెట్టడానికి కుదరదు, కాబట్టి నేను దాన్ని రికార్డింగ్‌కే ఉంచుకుంటాను.

తీగల మీద తొడిగే రెడీమేడ్ రబ్బరు మ్యూట్ల అసలు బలం వేగం. ఒక పాటకి పెట్టి, తర్వాతి పాటకి క్షణంలో లాగేయొచ్చు. స్టేజి మీద దీనికి సాటి లేదు. కొన్నింటి మీద బొటనవేలు ఆనించుకోవడానికి కూడా వీలుంటుంది, అది హాయి. కొనేముందు మీ తీగల మధ్య దూరం, బ్రిడ్జ్‌కీ వెనక పికప్‌కీ మధ్య ఉన్న జాగా రెండూ కొలవండి. వెనక పికప్ ఉన్న గిటార్లలో ఆ జాగా చాలా తక్కువ, మ్యూట్ వెళ్లి పికప్ మీద కూర్చుంటుంది. ఐదు తీగల గిటార్‌కి నాలుగు తీగలది సరిపోదు, ఎంత లాగినా గాళ్లు కలవవు.

గిటార్‌లోనే బిగించి వచ్చే మ్యూట్ సూత్రప్రాయంగా అన్నిటికంటే ఉత్తమం, తీగకో స్క్రూ ఉంటే ఇంకా మంచిది. నేను వాడిన ఒక పాత గిటార్‌లో మెత్తలు అరిగిపోయాక సరైనవి దొరకలేదు, స్క్రూ ఒకటి వదులై ఏ స్వరం దగ్గరైనా గలగలలాడేది. ఆ గిటార్‌కి కూడా చివరికి కోసిన ఫోమే గతి అయింది, అది బాగానే పనిచేసింది.

అరచేయి మ్యూట్ మాత్రం తప్పకుండా నేర్చుకోండి. కుడి అరచేతి అంచుని బ్రిడ్జ్ మీద ఆనించి బొటనవేలితో మీటితే స్వరం పొడవు మీ చేతిలోనే ఉంటుంది, ఒక స్వరాన్ని పొట్టిగా, పక్కదాన్ని పొడుగ్గా పలికించొచ్చు. ఇది ఏ ముక్కా చేయలేని పని. రెండు వేళ్లతో వేగంగా వాయించాల్సిన చోట అది కుదరదు, అక్కడ ఫోమ్ కావాలి. మెడ పైచివర తీగలు ఆనే నట్ దగ్గర చుట్టే పట్టీలు, ఫ్రెట్‌ర్యాప్ లాంటివి, జుట్టు రబ్బరు బ్యాండ్లు వేరే పనికి. అవి నొక్కని తీగలు తమంతట తాము మోగకుండా ఆపుతాయి. ట్యాపింగ్ (ఫ్రెట్‌బోర్డ్ మీద వేళ్లతో తట్టి వాయించడం) చేసేవాళ్లకి అవసరం, ఈ ధుమ్ శబ్దం వాటితో రాదు.

స్లాప్ (బొటనవేలితో తీగని కొట్టి వాయించడం), కార్డ్స్, హార్మోనిక్స్, నెమ్మది పాటలో స్వరాన్ని సాగదీయాల్సిన చోట మ్యూట్ తీసేయండి, వాటికి ఇది శత్రువే. తీసేటప్పుడు ఆంప్ వాల్యూమ్ కూడా కాస్త తగ్గించండి. మ్యూట్‌తో లెవెల్ పెంచుకుని ఉంటాం కదా, తీయగానే ఒక్కసారి మీద పడుతుంది.

కేసులో రెండు ముక్కలు ఉంచుకోండి, ఒకటి కొంచెం ఎత్తుగా, ఒకటి తక్కువగా. విల్లులా కోసిన ముక్క చీకట్లో తిరగేసి పెడితే తీగలు తేడాగా పలుకుతాయి, కాబట్టి ఈ (E) తీగ వైపు పెన్నుతో చిన్న చుక్క పెట్టుకోండి.