గోండు పిల్లల పలక మీద ఏ లిపి మేలు?

ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు ఏజెన్సీకి కొత్తగా పోస్టింగ్ వచ్చిన టీచర్లు తిప్పి తిప్పి అడిగేది ఒకటే: ఒకటో తరగతిలో గోండి తెలుగు లిపిలో నేర్పాలా, గుంజాల లిపిలోనా?

తెలుగు లిపి దారి పాతదే. ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోలామి, కోయ, సవర, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒడియా భాషలకు తెలుగు అక్షరాలతోనే వాచకాలు వేశారు. అంతకు ఎంతో ముందే గిడుగు రామమూర్తి సవర నేర్చుకుని, అందులో పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టారు. ఈ దారిలో కష్టం ఒక్కసారే. గోండి మాటల్లో పట్టుబడిన అక్షరాలే రేపు తెలుగు వాచకంలోనూ పనికొస్తాయి. బస్సు బోర్డు, రేషన్ కార్డు చదవడానికీ అవే.

గుంజాల లిపి సంగతి వేరు. నార్నూర్ మండలంలోని గుంజాల ఊళ్లో దొరికిన రాతప్రతుల లిపి అది. 2018లో కంప్యూటర్లు, ఫోన్లలో వాడే అక్షరాల పట్టిక యూనికోడ్‌లోకి ఎక్కింది. మా అక్షరాలు మాకున్నాయన్న ధీమా చిన్నది కాదు. తాతలు బడి గడప తొక్కేది కూడా అప్పుడే. చిక్కల్లా తర్వాతే: మూడో తరగతికి వచ్చిన పిల్ల ఆ లిపిలో చదువుకోవడానికి కథల పుస్తకాలు ఎన్ని ఉన్నాయి? పైగా మధ్యప్రదేశ్ వైపు గోండికే 1918 నాటి మసారం అనే మరో లిపి ఉంది. మరో గిరిజన భాష సంతాలీకి దాని సొంత లిపి ఓల్ చికి ఒక్కటే గట్టిగా నిలబడింది, 2003లో ఆ భాష రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోకీ వెళ్లింది. సుమారు 30 లక్షల మంది మాట్లాడే గోండికి ఆ చోటు ఇంకా దక్కలేదు.

నన్నడిగితే ఒకటి, రెండు తరగతుల్లో తెలుగు లిపి, మూడు నుంచి గుంజాల. అయితే దీనికి నేనిచ్చే మార్కులు పదికి రెండే. మిగతా ఎనిమిదీ టీచర్‌కు గోండి వచ్చా రాదా అన్నదానికి.

గోండుల నాట్యాల పండుగ దండారి మీది పాఠమే తీసుకోండి. బొమ్మలో గుస్సాడీ వేషగాడి నెమలి ఈకల టోపీ కనబడగానే పిల్లలు ఆగరు. ఎవరి మామ వేషం కట్టాడు, తుడుం ఎవరు కొట్టారు, ఏ ఊరి వాళ్లు విడిదికి వచ్చారు, అన్నీ ఒకేసారి. గోండి రాని టీచర్‌కు అదంతా గోల. "సైలెన్స్!" అంటాడు, పాఠం అక్కడితో సరి. గోండి వచ్చిన టీచర్‌కు పుస్తకం లేకపోయినా నడుస్తుంది. గోండుల్లో నాలుగు, అయిదు, ఆరు, ఏడు దేవుళ్ల సగలు, అంటే వంశాల గుంపులు, ఉన్నాయి కదా. మీ ఇంటి దేవుళ్లెందరు, పక్కింటివాళ్ల కన్నా ఎందరు ఎక్కువ అని అడిగితే తీసివేత వచ్చేసినట్టే. ఒకే సగలో పెళ్లి కుదరదని పిల్లలే టీచర్‌కు పాఠం చెబుతారు.

అందుకే లిపి గొడవకన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టింది 2020 ఏప్రిల్ నాటి సుప్రీంకోర్టు తీర్పు. షెడ్యూల్డ్ ప్రాంతాల టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను కొట్టేశారు. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదన్న వాదన అర్థమైంది. కానీ గిరిజన అభ్యర్థి అయినా కాకపోయినా, ఆ ఊరి భాష వచ్చి ఉండాలన్న షరతు పెట్టడానికి ఏం అడ్డం?

దేవనాగరి అంటారా, 1940లలో మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ ఇక్కడి మార్లవాయి ఊళ్లో టీచర్లను తయారు చేసినప్పుడు గోండి వాచకాలు ఆ లిపిలోనే వచ్చాయి. మరాఠీ నడిచే రోజుల్లో అది సరే, ఇప్పుడు తెలంగాణ పిల్లలకు అక్కర్లేదు. ఏడాదికోసారి స్టేజీ మీద డాన్స్ చేయించి ఫొటోలు దిగడాన్ని నేను లెక్కలోకే తీసుకోను.

ఇక ఒకే గదిలో గోండులు, కోలాములు, మరాఠీ మాట్లాడే పరధానులు, లంబాడా పిల్లలు కలిసి ఉంటే? అక్కడ ఏ వాచకమూ అందరికీ సరిపోదు. రాయడం తెలుగులో పెట్టి, కథలూ లెక్కలూ నోటితో ఎవరి భాషలో వాళ్లని చెప్పనివ్వడమే నాకు తెలిసిన దారి. కోలామి వచ్చిన అమ్మ ఒకరు వారానికి రెండు పూటలు వచ్చి కూర్చున్నా చాలా తేడా ఉంటుంది, ఆమెకు కూలి డబ్బులు ఏ పద్దు కింద ఇవ్వాలో అధికారులు తేలిస్తే.