పర్లాకిమిడిలో కొనాలా, పాతపట్నంలో కొనాలా?

నెలకు పాతిక ముప్పై వేల జీతం మీద తొలి ఇల్లు కొనుక్కుందామనుకునే మన గజపతి జిల్లా తెలుగువాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. పర్లాకిమిడి ఒడిశాలో, పాతపట్నం ఆంధ్రాలో ఉన్నా రెండు ఊళ్లూ ఆనుకునే ఉన్నాయి. పని ఇటు, చుట్టాలు అటు. అందుకని చాలామంది సెంటు ధర చూసి తేల్చేసుకుంటున్నారు. నన్నడిగితే ధర తర్వాతి సంగతి, ముందు అమ్మేవారి కాగితం చూడాలి.

పర్లాకిమిడి వైపు కాగితమంటే పట్టా, అంటే భూమి ఎవరిదో చెప్పే రెవెన్యూ రికార్డు. ఒడిశా ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో దొరుకుతుంది గానీ ఒడియాలో ఉంటుంది. మీకు చదవడం రాకపోతే బడికెళ్లే మీ పిల్లల చేత చదివించుకోండి, బ్రోకరు చేత మాత్రం వద్దు. తాతగారి పేరు మీదే ఉండిపోయిన ఉమ్మడి పట్టాలు ఇక్కడ కొల్లలు. ఒక్క కొడుకు వచ్చి అమ్ముతానంటే సరిపోదు. అన్నదమ్ములు, ఆడపడుచులు అందరూ సంతకం పెట్టాలి, లేదా తహసీల్లో పంపకం చేయించుకుని ఆయన విడి పట్టా తెచ్చుకోవాలి. అంతదాకా అడ్వాన్సు ఇవ్వొద్దు. తర్వాత కిసమ్, అంటే పట్టాలో రాసిన భూమి రకం చూడండి. 'ఘరబారి' అని ఉంటేనే ఇంటి స్థలం. పొలం కిసమ్ ఉంటే, రాళ్లు పాతి ప్లాట్లని చెప్పినా అది పొలమే. తహసీల్దారు దగ్గర ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ సెక్షన్ కింద ఇంటి స్థలంగా మార్పించాకే బ్యాంకు దగ్గరకు వెళ్లండి.

పట్టాలో సొంతదారు కులం కూడా రాసి ఉంటుంది. దాన్ని దాటేసి చదవకండి. అమ్మేవారు ఎస్సీ, ఎస్టీ అయి, కొనేవారు కాకపోతే, ఒడిశా భూసంస్కరణల చట్టం 22వ సెక్షన్ ప్రకారం రెవెన్యూ అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. అది లేని అమ్మకం చెల్లదు. గుమ్మా, మన జిల్లాలోని రాయగడ బ్లాకుల్లాంటి షెడ్యూల్డ్ ప్రాంతంలోనైతే 1956 నాటి రెగ్యులేషన్ కింద ఆదివాసీల భూమిని ఇతరులు కొనడానికే లేదు. వేరేవాళ్ల పేరు మీద పెట్టి కొందామనే మాట ఎవరన్నా వినొద్దు. మీ కష్టార్జితమూ పోతుంది, ఒక ఆదివాసీ కుటుంబానికి అన్యాయమూ జరుగుతుంది.

పాతపట్నంలో కాగితాలు చాలావరకు తెలుగులో ఉంటాయి. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా), అడంగల్, 1-బి (భూమి, సొంతదారు వివరాల రెవెన్యూ రికార్డులు) మనమే చదువుకోవచ్చు, ఆ ధీమా చిన్నది కాదు. ఊరి నడుమ పాత ఇల్లయితే మాత్రం గ్రామకంఠమేమో, అంటే పాతకాలం నుంచి ఇళ్లకే ఉన్న ఊరి స్థలమేమో కనుక్కోండి. గ్రామకంఠానికి పాస్‌బుక్కు ఉండదు, పాత దస్తావేజులు వరుసగా దొరకాలి. ఏజెన్సీ గ్రామాల్లో అటూ, ఆదివాసీలు కానివాళ్లకు భూమి అమ్మకుండా ఆపే 1/70 చట్టం ఉంది.

రిజిస్ట్రేషన్ ఖర్చు ఆంధ్రాలో స్టాంపు 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, ఫీజు 1, మొత్తం 7.5 శాతం. ఒడిశాలో మగవాళ్లకు 7, ఆడవాళ్ల పేరున 6 శాతం. 12 లక్షల ఇంటికి అటు 90 వేలు, ఇటు ఇంటావిడ పేరున 72 వేలు. మిగిలే 18 వేలతో ఒక లాయరు చేత కాగితాలన్నీ చూపించుకోవచ్చు. ఇల్లు ఆవిడ పేరున ఉండడం మంచిదని నేను ఖర్చుతో సంబంధం లేకుండానే చెబుతాను.

ఎనిమిది లక్షల లోను, 8.5 శాతం వడ్డీ, ఇరవై ఏళ్లంటే నెలకు దాదాపు 6,950 రూపాయలు. పర్లాకిమిడి మున్సిపాలిటీ కాబట్టి పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ యోజన 2.0 అడగొచ్చు. ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం, 35 లక్షల లోపు ఇల్లు, 25 లక్షల లోపు లోను ఉన్నవాళ్లకు వడ్డీ రాయితీ 1.80 లక్షల దాకా, ఐదు వాయిదాల్లో వస్తుంది. భార్యాభర్తల్లో ఎవరి పేరునా, పెళ్లికాని పిల్లల పేరునా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. శ్రీకాకుళం వైపు సొంతూళ్లో వాటాకొచ్చిన ఇల్లు మీ పేరున ఉంటే అదీ లెక్కే. మీకు పెళ్లయి ఉంటే, నాన్నగారి పేరున ఇల్లు ఉన్నా అడ్డు లేదు.

బరంపురం ఫ్లాట్ గురించీ అడుగుతారు. ఉద్యోగం అక్కడుంటే సరే, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు చూసి తీసుకోండి. లేకపోతే అద్దెకివ్వడానికి తొలి ఇల్లు కొనొద్దు.

నా మొగ్గు పర్లాకిమిడికే. విడి పట్టా, ఘరబారి కిసమ్ ఉన్న చిన్న పాత ఇల్లు దొరికితే, పాతపట్నంలో అదే ధరకు పెద్ద సైటు వచ్చినా నేను ఇటే తీసుకోమంటాను. ఏ ఒడ్డునైనా మహేంద్రతనయ నది పక్క స్థలం చవగ్గా వస్తోందంటే మాత్రం, వానాకాలంలో ఒకసారి వెళ్లి నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో పక్కింటివాళ్లను అడిగాకే మాట ఇవ్వండి.