నల్ల కారు, సీపీఎల్ ఫిల్టర్: రెండేళ్లు వాడాక

మా కారు నలుపు. నల్ల కారుకి ఫొటో తీస్తే కారు తప్ప అన్నీ పడతాయి: కరెంటు తీగలు, ఎదురింటి బాల్కనీలో ఆరేసిన బట్టలు, మధ్యలో వంగి కెమెరా పట్టుకున్న మనం. ఒకసారి నా పసుపు టీషర్టు డ్రైవర్ డోర్ మీద ఎంత బాగా పడిందంటే, మా ఆవిడ చూసి "ఇది కారు ఫొటోనా, నీ సెల్ఫీనా?" అంది. ఆ బాధ పడలేక రెండేళ్ల కిందట కోఠీ వెళ్లి నా 18-140 లెన్స్‌కి సరిపోయే 67 ఎంఎం సీపీఎల్ ఫిల్టర్ (సర్క్యులర్ పోలరైజర్, ప్రతిబింబాలు తగ్గించే తిరిగే గాజు) కొన్నాను. 1,800 రూపాయలు. అంతకుముందు ఆన్‌లైన్‌లో 350కి కొన్నది ఒకటి ఉంది, దాని కథ చివర్లో చెప్తాను.

లెన్స్‌కి బిగించి, వ్యూఫైండర్‌లో చూస్తూ ముందు రింగు తిప్పడమే పని. మొదటిసారి మా అపార్ట్‌మెంట్ గేటు ముందు కారు పెట్టి తిప్పాను. విండ్‌షీల్డ్ మీద పరుచుకున్న తెల్లటి ఆకాశం మెల్లగా పలచబడి, లోపల డ్యాష్‌బోర్డు మీది వినాయకుడు బయటపడ్డాడు, ఆయన పక్కన ఎప్పటిదో పెట్రోలు బిల్లు కూడా. ఇంకో పావు చుట్టు తిప్పితే మళ్లీ ఆకాశం, వినాయకుడు మాయం. పిల్లాడిలాగా పది నిమిషాలు అదే ఆట.

గాజు మీద నుంచి, పెయింట్ పైనుండే క్లియర్‌కోట్ మీద నుంచి ఏటవాలుగా తిరిగొచ్చే వెలుతురు చాలావరకు ఒకే దిశలో కంపిస్తూ వస్తుంది కాబట్టి ఫిల్టర్ దాన్ని ఆపగలుగుతుంది. ఉపరితలానికి సుమారు 35 డిగ్రీల వాలులో చూస్తే బాగా ఆపుతుంది, సూటిగా ఎదురుగా నిలబడితే దాదాపు ఏమీ చేయదు. అంటే ఏ పసుపు టీషర్టు కోసం కొన్నానో దానికి ఇది పనికిరాలేదు! దానికి మందు ముదురు రంగు చొక్కా, కాస్త పక్కకి జరిగి నిలబడటం. క్రోమ్ గ్రిల్ మీద కూడా దీని ఆటలు సాగవు, అది లోహం.

నాకు అర్థం కావడానికి ఆరు నెలలు పట్టిన విషయం ఒకటుంది. ప్రతిబింబాలు పోతున్నాయి కదా అని మొదట్లో ప్రతి ఫొటోకీ రింగుని చివరిదాకా తిప్పేవాణ్ణి. తీరా చూస్తే కారు అట్టముక్కలా ఉండేది. హెడ్‌లైట్ దగ్గర మొదలై డోర్ హ్యాండిళ్ల మీదుగా వెనక దాకా సాగే ఆ వెలుగు గీత ఉంటుంది చూడండి, నల్ల కారుకి ఒంపు ఉందని తెలిసేది దానివల్లే, నేను దాన్నే చెరిపేస్తున్నాను. ఇప్పుడు తీగలు, చెట్ల కొమ్మలు మసకబారేదాకా తిప్పి అక్కడితో ఆపేస్తాను. పైగా బానెట్‌కి కుదిరిన చోట డోర్‌కి కుదరదు, ఒకటి పడుకున్న రేకు, ఇంకోటి నిలబడిన రేకు. మరీ ముఖ్యమైన ఫొటో అయితే ట్రైపాడ్ మీద రెండు తీసి కంప్యూటర్‌లో కలుపుతాను, బద్ధకం లేని రోజున.

వెనక అద్దం, పక్క కిటికీల అద్దాల మీద ఊదా, నీలం మచ్చలు వరసగా కనిపిస్తే కంగారు పడొద్దు. నేను పడ్డాను, ఫిల్టర్ పాడైందని షాపుకి కూడా వెళ్లాను, ఆయన నవ్వి బయట ఆగి ఉన్న ఇంకో కారుని చూడమన్నాడు, దానికీ అవే మచ్చలు. టఫెన్డ్ గాజుని గట్టిపరిచేటప్పుడు లోపల మిగిలిపోయే ఒత్తిడి అలా రంగులుగా కనిపిస్తుందట. విండ్‌షీల్డ్ ల్యామినేటెడ్ (రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించింది) కాబట్టి దాని మీద ఆ గోల లేదు.

ఇక ఎక్స్‌పోజర్. ఫిల్టర్ ఒకటిన్నర స్టాప్ వెలుతురు తినేస్తుంది, అంటే సుమారు మూడో వంతే లోపలికొస్తుంది. సాయంత్రం 1/60 సెకనులో వచ్చే ఫొటో 1/20కి దిగుతుంది, అంటే చేత్తో పట్టుకుంటే ఊగుతుంది. కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ సంగతి వేరే, దానికి లోకమంతా బూడిద రంగే. మా బామ్మర్ది తెల్ల కారుని కెమెరా ఆటో మోడ్‌కే వదిలేసి తీస్తే "బావా, నా కారుకు దుమ్ము వట్టినట్టు చేసినవ్" అన్నాడు. తెల్ల కారు ఫ్రేమంతా నిండితే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (మీటర్ లెక్కని మనం పెంచి తగ్గించే సర్దుబాటు) ప్లస్ 1 దాకా పెంచాలి, నల్ల కారుకి మైనస్ 0.7 చాలు. రా (RAW) ఫైల్, అంటే కెమెరా మార్పులు చేయకుండా దాచేది, తీసుకుంటే నయం, అయినా ఎండ తగిలి పూర్తిగా తెల్లబోయిన బానెట్‌ని ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు, అందుకే తీసిన వెంటనే హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగునీడల పాళ్లు చూపే గ్రాఫు) చూస్తాను.

మే రెండో వారం ప్రాంతంలో హైదరాబాద్‌లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు, అప్పుడు ఏ ఫిల్టరూ కాపాడదు, రూఫ్ మెరిసిపోతూ టైర్లు చీకట్లో ఉంటాయి. నేను డిసెంబరులో ఐదున్నరకల్లా గండిపేట వైపు చేరుకుంటాను, పొద్దు గుంకిన తర్వాతి పది నిమిషాలు బంగారం. అప్పుడు మాత్రం ఫిల్టర్ తీసేస్తాను, ఉన్నదే కాస్త వెలుతురు. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద ఆపి తీసే ఆలోచన అసలొద్దు, అక్కడ బండి ఆపకూడదు.

350ది? దాన్ని గట్టిగా బిగిస్తే లెన్స్‌కి అతుక్కుపోయింది. వేళ్లతో నొక్కిన కొద్దీ ఇంకా బిగుసుకుంది. చివరికి కొత్తిమీర కట్టకి వచ్చిన రబ్బరు బ్యాండు రింగు చుట్టూ తొడిగి, నొక్కకుండా తిప్పితే ఊడొచ్చింది. దాంతో ఫొటోలన్నీ కాస్త పచ్చగా వచ్చేవి. ఇప్పుడు ఫోన్ కెమెరా ముందు పట్టుకొని తిప్పుతుంటాను, దానికి అది చాలు.