చెరువు నీళ్లకు ఆరు గడుల స్ట్రిప్: చాలాకాలం వాడాక నా మాట

ముందే చెప్తున్నా, నీళ్లు పరీక్షించే ఈ స్ట్రిప్ చూసి చెరువులో మందు వేసెయ్యాలనుకుంటే కొనొద్దు. నిన్నటికీ ఇవాళ్టికీ నీళ్లు ఎటు తిరిగాయో తెలుసుకోవడానికైతే కొనుక్కోండి.

మావి భీమవరం దగ్గర, బోరు నీళ్లతో వెనామీ రొయ్యలు పెంచే చెరువులు. సన్నటి ప్లాస్టిక్ పట్టీ మీద ఆరు గడులు: పీహెచ్, ఆల్కలినిటీ, హార్డ్‌నెస్, నైట్రైట్, నైట్రేట్, క్లోరిన్. ముంచి తీసి డబ్బా మీది రంగులతో పోల్చుకోవడమే.

నాకు బాగా నమ్మకం కుదిరింది నైట్రైట్ గడి మీద, ల్యాబ్ రిపోర్టుతో దాదాపు కలుస్తూ వచ్చింది. 1879లో పీటర్ గ్రీస్ చెప్పిన పద్ధతే అది, ఆమ్లంలో నైట్రైట్ ఒక రసాయనంతో కలిసి, ఆ తయారైంది ఇంకోదాన్ని పట్టుకుని గులాబీ రంగు అవుతుంది. ఉప్పు తక్కువున్న మా నీళ్లకు ఈ గడే ముఖ్యం, ఉప్పులోని క్లోరైడ్ తగ్గేకొద్దీ రొయ్యకు విషమైన నైట్రైట్ మొప్పల్లోంచి సులువుగా లోపలికి పోతుంది మరి.

పక్కనున్న నైట్రేట్ గడితో జాగ్రత్త. అది నైట్రేట్‌ను ముందు నైట్రైట్‌గా మార్చి అదే గులాబీ రంగు చూపిస్తుంది కాబట్టి, నీళ్లలో అప్పటికే ఉన్న నైట్రైట్ కూడా దాని ఖాతాలోనే పడుతుంది. ఆ ముక్క డబ్బా మీద ఎక్కడా రాయలేదు.

అమ్మోనియా ఎందుకు లేదని షాపులో గొడవపడేవాళ్లున్నారు. పెట్టడం కష్టమండీ, దానికి క్షారం కావాలి, నైట్రైట్‌కేమో ఆమ్లం, తడి గడులు పక్కపక్కనే ఉంటే ఒకదాని మందు ఇంకోదాంట్లోకి కారుతుంది. విడిగా కొన్నా, అది చూపేది మొత్తం అమ్మోనియానే. అందులో విషమయ్యే భాగం 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 8 అయితే సుమారు 5 శాతం, 9 అయితే మూడో వంతు పైనే. అందుకే మధ్యాహ్నం పూట పీహెచ్ గడి చూడకుండా అమ్మోనియా అంకె చూసి టెన్షన్ పడినా, ధైర్యంగా ఉన్నా దండగే.

అసలు కోపం హార్డ్‌నెస్ గడి మీద. కాల్షియం, మెగ్నీషియం రెంటికీ కలిపి ఒకటే రంగు! సముద్రపు నీళ్లలో బరువు లెక్కన కాల్షియానికి మూడింతలు మెగ్నీషియం ఉంటుంది, బోరు నీళ్లలో ఆ లెక్క తప్పి రొయ్య గుల్ల గట్టిపడకుండా మెత్తగా తగులుతుంటే, ఏ మినరల్ బస్తా విప్పాలో ఈ గడి చెప్పదు. పైగా నా డబ్బాలో స్కేలు 425 పీపీఎం దగ్గరే ఆగిపోతుంది, ఉప్పు కాస్త పెరిగితే చాలు రంగు అక్కడే కూర్చుంటుంది. ల్యాబ్‌లో పీహెచ్‌ను 12 దాటించి మెగ్నీషియాన్ని అడుక్కి దించేసి కాల్షియం ఒక్కటే కొలుస్తారు, పట్టీ మీద ఆ పని కాదు. కాబట్టి దీనికి మాత్రం ల్యాబ్‌కే పంపండి.

క్లోరిన్ గడి బ్లీచింగ్ వేసినప్పుడు తప్ప అక్కర్లేదు. రంగులు పగటి వెలుతురులోనే చూడండి, ఎల్‌ఈడీ బల్బు కింద లేత గులాబీ తేడాలు తెలియవు. మన తేమకి మూత తీసేకొద్దీ గడులు ముందే రంగు మారిపోతాయి, పెద్ద డబ్బా చవకని తీసుకోకండి.