ఎదిగిన పిల్లలున్న కుటుంబానికి లొకేషన్ షేరింగ్ ఎంతవరకు పనికొస్తుంది?

పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నంతకాలం కుటుంబంతో బయటికి వెళ్లడమంటే అందరూ ఒకే బండిలో ఎక్కి, ఒకే చోట దిగి, ఒకరి వెనక ఒకరు నడవడమే. వాళ్లు ఉద్యోగాల్లో చేరాక ఆ పద్ధతి సాగదు. ఒకరు ఆఫీసు నుంచి నేరుగా స్టేషన్‌కు వస్తామంటారు, ఇంకొకరు స్నేహితులతో ముందే చేరుకుని అక్కడ కలుస్తామంటారు, చేరిన తరువాత కూడా ఎవరికి నచ్చినవైపు వారు వెళ్లి భోజనం వేళకు మళ్లీ ఒకచోటికి వస్తారు. ఇటువంటి కుటుంబానికి గూగుల్ మ్యాప్స్‌లో ఉన్న లొకేషన్ షేరింగ్, అంటే మనం ఎక్కడున్నామో మనం ఎంచుకున్నవారికి వాళ్ల ఫోన్‌లోని మ్యాప్‌లో కనబడేలా చేసే సదుపాయం, ఏ మేరకు ఉపయోగపడుతుందో, ఒక కొడుకూ ఒక కూతురూ ఉన్న తల్లిగా నేను గమనించినదాన్ని ఇక్కడ రాస్తున్నాను. కలిసి చేసే ప్రయాణాలకు ఇది చాలా మంచి సాధనమని, పిల్లల రోజువారీ రాకపోకలను కనిపెట్టి ఉండడానికి మాత్రం దీన్ని వాడకూడదని నా అభిప్రాయం.

ఈ సదుపాయం కొత్తదేమీ కాదు. గూగుల్ సంస్థ 2009లో లాటిట్యూడ్ అనే పేరుతో ఇలాంటి సేవనే మొదలుపెట్టి 2013లో ఆపేసింది. ఇప్పుడు మనం వాడుతున్నది 2017 మార్చిలో మ్యాప్స్‌లో భాగంగా వచ్చింది. ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఐఫోన్లలోనూ ఒకేలా పనిచేయడం దీని మొదటి సుగుణం. ఎదిగిన పిల్లలు తల్లిదండ్రులు వాడే ఫోనే కొనాలని లేదు కాబట్టి, ఒకే ఇంట్లో రెండు రకాల ఫోన్లు ఉండడం సర్వసాధారణం. ఆపిల్ సంస్థ 2019 నుంచి ఇస్తున్న ఫైండ్ మై యాప్ కూడా బాగా పనిచేసేదే అయినా, ఇంట్లో ఒక్కరి చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్నా దానితో కుటుంబమంతటికీ పని జరగదు.

మొదలుపెట్టడం కష్టం కాదు. మ్యాప్స్ తెరిచి, పైన మూలలో ఉండే మన బొమ్మను నొక్కితే వచ్చే జాబితాలోనే లొకేషన్ షేరింగ్ ఉంటుంది. ఎవరికి పంపాలో, ఎంతసేపు కనబడాలో అక్కడే అడుగుతుంది. ఈ రెండో ప్రశ్ననే నేను ఈ సదుపాయానికి ప్రాణంగా భావిస్తాను. మొదట ఒక గంట అని చూపుతుంది. దాన్ని గంటల లెక్కన పెంచుకోవచ్చు, లేదా మనం ఆపేవరకు కనబడేలా పెట్టుకోవచ్చు. గడువు పెట్టి పంపినప్పుడు అది ముగియగానే చూపడం దానంతట అదే ఆగిపోతుంది, ఎవరూ గుర్తుపెట్టుకుని ఆపనక్కరలేదు. పెద్దవాళ్లయిన పిల్లలతో వ్యవహరించేటప్పుడు దీని విలువ తెలుస్తుంది. "ఈ సాయంత్రం ఎనిమిదింటి దాకా పెట్టమ్మా" అని అడిగితే ఏ కూతురూ కాదనదు. ఎప్పటికీ పెట్టి ఉంచమంటే మాత్రం కారణం అడుగుతుంది, అలా అడగడం న్యాయమే.

దీని నిజమైన ఉపయోగం రోడ్డు ప్రయాణంలో కనిపిస్తుంది. రెండు బండ్లలో బయలుదేరిన కుటుంబంలో ముందు వెళ్లినవాళ్లు వెనకవాళ్ల కోసం, వెనకవాళ్లు ముందువాళ్ల కోసం గంటకోసారి ఫోన్ చేసుకోవడం అందరికీ అనుభవమే. ఆ ఫోన్లు మోగేది ఎక్కువగా బండి నడుపుతున్న మనిషి జేబులోనే. మ్యాప్స్‌లో దారి చూపించుకుంటూ వెళ్లేటప్పుడు ఆ ప్రయాణాన్ని మాత్రమే ఇంకొకరికి పంపే వీలుంది. అవతలివారికి బండి ఏ దారిలో ఉందో, ఎన్నింటికి చేరవచ్చో కనిపిస్తుంది, గమ్యం చేరగానే పంపడం ఆగిపోతుంది. మా అబ్బాయి రాత్రివేళ దూరం నుంచి బండి నడుపుకుంటూ వచ్చేటప్పుడు ఈ పద్ధతినే వాడతాము. అతను బయలుదేరేముందు ఒకసారి పంపుతాడు, నేను దారిలో అతనికి ఫోన్ చేయను. చేరే సమయం ఇరవై నిమిషాలు వెనక్కి జరిగితే టీకి ఆగి ఉంటాడనో, ట్రాఫిక్‌లో ఉన్నాడనో అనుకుంటాను. వివరం తెలియకపోయినా కదులుతున్నాడన్న సంగతి తెలుస్తుంది, రాత్రి పదకొండు గంటలకు మెలకువగా కూర్చున్న మనిషికి అంతకుమించి అక్కరలేదు. ఈ ఒక్క పనికోసమే వాడినా ఈ సదుపాయం నేర్చుకోదగినదని చెబుతాను.

జనసమ్మర్దంలో దీని పనితనం గురించి మాత్రం ఆశలు కొంచెం తగ్గించుకోవాలి. ఆరుబయట, ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోన్ తన స్థానాన్ని సుమారు ఐదు మీటర్ల తేడాతో చెప్పగలదు. దానికి కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందాలి. ఎత్తైన భవనాల మధ్య ఆ సంకేతాలు గోడలకు తగిలి తిరిగి వస్తాయి, పైకప్పు కింద బలహీనపడతాయి, అప్పుడు ఫోన్ చుట్టుపక్కల వైఫైనీ సెల్ టవర్లనూ ఆధారం చేసుకుని అంచనా వేస్తుంది. మ్యాప్‌లో మన స్థానాన్ని చూపే చుక్క చుట్టూ లేతరంగు వలయం పెద్దదిగా కనిపిస్తే ఆ అంచనా వదులుగా ఉందని అర్థం. ఆ వలయంలో మనిషి ఎక్కడైనా ఉండవచ్చు. మ్యూజియాల్లో, విమానాశ్రయాల్లో, నాలుగైదు అంతస్తుల షాపింగ్ భవనాల్లో ఇంకో చిక్కు ఉంది. చుక్క మనం నిలబడ్డ చోటే చూపిస్తుంది, మనిషి మాత్రం రెండు అంతస్తుల పైన ఉంటుంది. కాబట్టి విడివిడిగా తిరిగే ముందు ఫలానా ద్వారం దగ్గర కలుద్దామని నోటితో అనుకోవడం మానకూడదు. చుక్కలు చూసుకుంటూ ఒకరినొకరు వెతుక్కుంటే ఇద్దరూ కదులుతూనే ఉంటారు, కలవడం ఇంకా ఆలస్యమవుతుంది. ఒకరు ఆగి, రెండోవారు నడవాలి. ఈ చిన్న నియమం పెట్టుకున్నాక మా ఇంట్లో "నువ్వెక్కడ, నేనెక్కడ" అనే మాటలు బాగా తగ్గాయి.

కొండదారుల్లోనూ అడవి ప్రాంతాల్లోనూ చుక్క కదలకుండా నిలిచిపోతుంది, తల్లుల గుండె ఆగేది ఇక్కడే. నిజానికి ఫోన్ తన స్థానం తెలుసుకోవడానికి ఇంటర్నెట్ అవసరం లేదు, ఉపగ్రహాల సంకేతాలు కొండల్లోనూ అందుతాయి. ఆ స్థానాన్ని ఇంకొకరికి పంపడానికే నెట్ కావాలి. సిగ్నల్ పోయినప్పుడు మ్యాప్ చివరిగా తెలిసిన చోటును చూపిస్తూ, అది ఎంతసేపటి కిందటిదో పక్కనే రాస్తుంది. చాలామంది ఆ చిన్న అక్షరాలను చదవరు. నలభై నిమిషాల కిందట అని ఉంటే మనిషి ఆగిపోయినట్టు కాదు, సమాచారం ఆగిపోయినట్టు. దారిలో సిగ్నల్ ఉండని భాగం ఎంత పొడవో బయలుదేరేముందే చూసి ఇంట్లో ఉన్నవారికి చెప్పడం మంచి పద్ధతి. ఆ ప్రాంతపు మ్యాప్‌ను ముందే ఫోన్‌లోకి దించుకుంటే వెళ్లేవాళ్లకు దారి తప్పదు, అయితే ఇంట్లో చూస్తున్నవారికి దానివల్ల ఏమీ కనబడదు. ఈ రెండూ వేర్వేరు సంగతులు.

అవతలి ఫోన్‌లో ఛార్జింగ్ ఎంత శాతం ఉందో చూపించడం, నా లెక్కలో, ఈ సదుపాయంలో తగిన గుర్తింపు రాని భాగం. ఫోన్ ఎత్తకపోతే ఏమైందోనని భయపడే ముందు ఆ అంకె చూస్తే సగం ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది. నాలుగు శాతం ఉన్న మనిషికి వరుసగా ఫోన్లు చేయడం ఆ నాలుగు శాతాన్నీ తినేయడమే.

ఇక రోజువారీ జీవితం సంగతి. ఎప్పటికీ కనబడేలా పెట్టుకుంటే పిల్లలు ఆఫీసులో ఉన్నారా, ఇంటికి చేరారా అన్నది ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు; ఫలానా చోటికి చేరగానే, లేదా అక్కడినుంచి బయలుదేరగానే మనకు కబురు వచ్చే ఏర్పాటు కూడా ఉంది. ఈ ఏర్పాటు పెట్టినప్పుడు అవతలి మనిషికి ఆ విషయం తెలిసేలా ఫోన్‌లో సూచన, నెలనెలా మెయిల్ వెళ్తాయి. అంటే రహస్యంగా చేసే వీలు సంస్థే తగ్గించింది, అది మెచ్చుకోదగిన పని. అయినా నేను మా పిల్లల విషయంలో దీన్ని పెట్టుకోలేదు. చుక్క ఎక్కడ ఉందో చెబుతుంది గాని, ఎందుకు ఉందో చెప్పదు; ఆ ఖాళీని నింపేది మన ఊహే. రాత్రి తొమ్మిదింటికి కూతురు ఆఫీసులోనే ఉందని కనిపిస్తే పని ఎక్కువైందా, ఎవరితోనైనా గొడవా, ఒంట్లో బాగాలేదా అని మనసు పరిపరివిధాల పోతుంది; అదే ఆమె ఫోన్ చేసి "ఇవాళ లేటవుతుందమ్మా" అంటే ఒక్క మాటతో తేలిపోతుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. ఎక్కడున్నారో ముందే తెలిసిన తల్లికి పిల్లలు ఫోన్ చేసి చెప్పవలసినది తగ్గిపోతుంది. ఆ రోజు ఎక్కడికి వెళ్లారో, ఏమి చూశారో వాళ్ల నోటితో వినడమే నాకిష్టం.

ఎదురువైపు నుంచి చూస్తే ఈ లెక్క మారుతుందని మా అమ్మాయే చూపించింది. నేనూ మావారూ ఇద్దరమే ఊళ్లు తిరగడం మొదలుపెట్టాక, మా లొకేషన్ పెట్టి ఉంచమని అడిగింది ఆమె. "మీరు ఫోన్ బ్యాగులో పడేసి రెండు గంటలు తీయరు, నాకు కంగారు" అంది. పిల్లల్ని చూడడం కోసమని అమ్మేవన్నీ చివరకు తల్లిదండ్రుల్ని చూడడానికి కూడా వాడతారని నాకప్పుడు నవ్వు వచ్చింది. ఒప్పుకున్నాం, కాని ప్రయాణం ఉన్నన్ని రోజులకే. తిరిగి ఇంటికి రాగానే నేనే ఆపేస్తాను. నడవడానికి ఎంతసేపు వెళ్లానో, పక్కవీధిలో ఎంతసేపు మాట్లాడుతూ నిలబడ్డానో వాళ్లకు తెలియనవసరం లేదు. వాళ్లకు నేను ఇచ్చే వెసులుబాటు నాకూ ఉండాలి.

వాట్సాప్‌లోని లైవ్ లొకేషన్‌తో దీన్ని పోల్చకుండా సమీక్ష పూర్తికాదు. 2017 అక్టోబరులో వచ్చిన ఆ సదుపాయంలో పదిహేను నిమిషాలు, ఒక గంట, ఎనిమిది గంటలు అనే మూడే గడువులున్నాయి. ఎప్పటికీ అన్న మాటే లేదు. అది సందేశాల్లాగే పంపినవారికీ అందుకున్నవారికీ మాత్రమే తెలిసేలా సంకేత భద్రతతో వెళ్తుంది. ఫోన్‌లో మ్యాప్స్ తెరవడం అలవాటులేని పెద్దవారికి కూడా వాట్సాప్ తెరవడం వస్తుంది, కుటుంబ గ్రూపులో పెడితే అందరికీ ఒకేసారి చేరుతుంది, గ్రూపులో పంపినవారందరూ ఒకే మ్యాప్‌లో కనిపిస్తారు. ఒక పూట విహారానికి నేను దాన్నే ఎంచుకుంటాను. దారి చూపుతూ చేరే సమయాన్ని చెప్పడం, ఛార్జింగ్ చూపించడం మ్యాప్స్‌లో ఉన్నవి, అందువల్ల దూరప్రయాణానికి అదే మెరుగు.

వాడదలచినవారు రెండు అమరికలు ముందే చూసుకోవాలి. ఐఫోన్‌లో మ్యాప్స్‌కు స్థానం తెలుసుకునే అనుమతి యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే అని ఉంటే, ఫోన్ జేబులో పెట్టగానే చుక్క నిలిచిపోతుంది. ఎల్లప్పుడూ అని మార్చాలి. ఆండ్రాయిడ్‌లో బ్యాటరీ ఆదా చేసే అమరిక వల్ల ఇదే ఇబ్బంది రావచ్చు. గంటల తరబడి స్థానం పంపుతూ ఉంటే ఛార్జింగ్ మామూలుకంటే త్వరగా తగ్గుతుంది కాబట్టి పవర్ బ్యాంకు దగ్గర ఉంచుకోవడం అవసరం. మనం తిరిగిన చోట్లను దాచుకునే టైమ్‌లైన్ వేరు, ఇది వేరు. అది ఆపి ఉంచినా లొకేషన్ షేరింగ్ పనిచేస్తుంది. తమ చరిత్రంతా ఇంట్లోవాళ్లకు కనిపిస్తుందేమోనని సంకోచించే పిల్లలకు ఈ తేడా చెబితే సగం అభ్యంతరం పోతుంది.

నాకు మిగిలిన అసంతృప్తి ఒకటే. ఒకరు పంపినంతమాత్రాన అవతలివారు తిరిగి కనబడరు, నలుగురున్న కుటుంబంలో నలుగురూ విడివిడిగా పంపుకోవాలి. మిగతావారిని అడిగే బొత్తాం ఉన్నా, ఒప్పుకుని పంపే పని వాళ్లదే. ఒక ప్రయాణానికి పేరు పెట్టి, అందులో ఉన్నవారందరూ ఒకే గడువుకు ఒకరికొకరు కనబడి, ఆ ప్రయాణం ముగియగానే అందరూ ఒకేసారి మాయమయ్యే ఏర్పాటు ఉంటే బాగుండేది. అది వచ్చేదాకా మా ఇంట్లో ఆ పని మా అబ్బాయిది. బయలుదేరే ముందు అందరి ఫోన్లూ తీసుకుని, ఎంతసేపు పెట్టాలో ఒక్కొక్కరినీ అడిగి, వాళ్లు చెప్పిన గంటలే పెడతాడు.